ఏడో వార్డు హద్దు

నేను చేపలు తినను. మాది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసుకునే కుటుంబం. మా ఇంట్లో చేప మాట ఎత్తితేనే మా అమ్మ ముక్కు మూసుకునేది. అలాంటిది, ఒక శుక్రవారం పొద్దున్న మా గ్రామ సచివాలయం మెట్ల మీద ఒక పెద్దావిడ ఒక అమ్మాయి చేతిలో రెండు కొర్రమీనులు పెడుతుంటే చూసి, నాకెప్పుడూ అలా ఎవరూ ఇవ్వలేదనిపించింది. ఫైలు చూసుకుంటున్నట్టు తల దించుకున్నాను.

ఇచ్చినావిడ ఆ ఊరి ఏడో వార్డు మెంబరు. అరవై దాటిన మనిషి. మెంబరుగా గెలిచాక కూడా చేపల బుట్ట నెత్తి మీంచి దించలేదు. పుచ్చుకున్న అమ్మాయి మా గ్రామ సర్వేయరు. నేను పంచాయతీ సెక్రటరీని.

ఊరంటే కొల్లేటి లంక. ఏలూరులో బస్సెక్కితే గంట, అక్కడి నుంచి ఆటో. చుట్టూ చేపల చెరువులు. ఊరికి పడమట పెద్ద డ్రెయిను, డ్రెయిను అవతల గట్టు. ఆ గట్టు మీద పాతిక లోపు ఇళ్ళున్నాయి. వరద బాగా వచ్చిన ఒక ఏడు ఏడో వార్డులో ఒక వీధి మొత్తం మునిగిపోతే, ఆ వీధిలో కొన్ని కుటుంబాలు ఎత్తుగా ఉంది కదా అని ఆ గట్టెక్కి అక్కడే ఉండిపోయాయి. మెంబరు గారి ఇల్లు కూడా అక్కడే. చిన్న కాలివంతెన దాటితే ఊళ్ళో ఉంటారు. పిల్లల బడి, రేషన్, చుట్టాలు అన్నీ ఇటే. అదే గట్టు మీద దక్షిణంగా రెండు కిలోమీటర్లు పోతే ప్రభుత్వం స్థలాలిచ్చిన కొత్త కాలనీ వస్తుంది. వానాకాలంలో ఆ రెండు కిలోమీటర్లూ మోకాలి లోతు బురద. నేను చేసిన పని అర్థం కావాలంటే ఈ గట్టు సంగతి తెలియాలి, అందుకే ముందు చెప్పాను.

ఆ ఊరికి నేను వెళ్ళి అప్పటికి ఐదేళ్ళు. వెళ్ళిన కొత్తలో అందరూ జాలిపడ్డారు. లంకలో ఉద్యోగం అంటే శిక్ష అనుకునేవారు. నేను మాత్రం పట్టుదలగా చేశాను. మొదటి వరదకి మూడు రోజులు బళ్ళోనే ఉండి వంటలు చేయించాను. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఏ కోడలు పురిటికి వెళ్ళింది, ఏ ఇంటి నంబరు రెండు ఇళ్ళకి వాడుతున్నారు, అన్నీ నోటికి వచ్చేవి. ఒక పెద్ద డ్రాయింగ్ షీటు మీద ఊరంతా నా చేత్తో గీశాను. వీధులు, బోర్లు, కుళాయిలు, వార్డులు ఒక్కోదానికి ఒక్కో రంగు. అది నా కుర్చీ వెనక గోడకి ఉండేది. పైనుంచి ఎవరైనా వస్తే ముందు దాన్నే చూసి, ఎవరు గీశారని అడిగేవారు. నేను కావాలనే కాసేపు ఊరుకుని, అప్పుడు నేనేనండీ అనేదాన్ని.

మా నాన్నగారు అన్నయ్యలిద్దర్నీ కొట్లో కూర్చోబెట్టి పని నేర్పారు. నన్ను కొట్టు మెట్టు కూడా ఎక్కనివ్వలేదు. ఆడపిల్లకి లెక్కలెందుకన్నారు. ఆ కసితో చదివాను. ఆ ఊరు నాకు నేనుగా సంపాదించుకున్న కొట్టు లాంటిది. ఇది నాది, దీంట్లో ఎవరూ కూర్చోకూడదు. ఇలా మాటల్లో ఎప్పుడూ అనుకోలేదు గాని లోపల ఉన్నది అదే.

ఊళ్ళోవాళ్ళు నన్ను చూస్తే లేచి నిలబడేవారు. సెక్రటరీ గారండీ, రండి కూర్చోండి, అనేవారు. మెంబరు గారు ఊళ్ళో ఎవరికి చేపలిచ్చినా నాకు మాత్రం ఎవరి పెరట్లోంచో ములక్కాడలు తెచ్చి ఇచ్చేది, మీరు తినరు కదండీ అంటూ. అది చాలనుకునేదాన్ని.

ఆ అమ్మాయి వచ్చాక అది చాల్లేదు.

ఇరవై ఆరేళ్ళుంటాయేమో. ఏలూరు పిల్ల. వాళ్ళ నాన్న తివాచీలు నేస్తారు. ముస్లిం కుటుంబం, తాతల నాటి నుంచి అదే పని. చిన్నప్పుడు వాళ్ళ నాన్న గళ్ళ కాగితం మీద డిజైను వేస్తుంటే పక్కన కూర్చుని ఒక్కో గడికి రంగు నింపేదాన్నని, ఒక గడి తప్పితే తివాచీలో ఒక ముడి తప్పుతుందని ఆయన చెప్పేవారని, మ్యాపులు తనకి అలా అలవాటయ్యాయని ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ చెప్పింది. చక్కగా చెప్పింది. నాకు మా కొట్టు మెట్టు గుర్తొచ్చి, అవునా అని ఊరుకున్నాను.

వచ్చిన నెలకే ఆ పిల్ల ఊరందరికీ నువ్వు అయిపోయింది. అమ్మడూ, నిన్న రాలేదేం అనేది మెంబరు గారు. నువ్వు తిన్నావా, ఎండలో తిరక్కు, ఇలా వచ్చి కూర్చో. ఐదేళ్ళలో నన్ను ఎవరూ నువ్వు అనలేదు. అంటే ఊరుకునేదాన్నా అంటే, మొదటి ఏడాది ఎవరో ముసలాయన అలా పిలిస్తే నేనే మొహం ముడుచుకున్నాను. అది అందరికీ తెలిసే ఉంటుంది. కాని మంటకి న్యాయం ఉండదు. రంజాన్ నెలలో ఉపవాసం ఉండి ఆ పిల్ల గట్ల మీద తిరుగుతుంటే, పిల్ల వాడిపోతోందని ఊరు ఊరంతా బెంగపడింది. ఎవరింట్లో పళ్ళుంటే వాళ్ళు సాయంత్రానికి కట్టి ఇచ్చారు. నేను ఎన్నో ఏళ్ళుగా ఏకాదశి ఉపవాసాలుంటాను. అది మా ఆఫీసులో నా పక్క కుర్చీ మనిషికి కూడా తెలియదు.

ఇంటికొచ్చి మావారితో ఆ అమ్మాయి గురించి చిన్న చిన్నవి చెబుతూ ఉండేదాన్ని. చున్నీ నడుముకి చుట్టుకుని మగపిల్లాడిలా దోనె ఎక్కుతుందని, పెద్దవాళ్ళ ముందు గట్టిగా నవ్వుతుందని. ఆయన అన్నీ విని, పని బాగా చేస్తుందా అని అడిగేవారు. చేస్తుంది అనాల్సి వచ్చేది. అక్కడితో మాట ఆగిపోయేది.

అలా ఉండగా వార్డుల విభజన వచ్చింది. పాత ఇళ్ళలోంచి చాలామంది కొత్త కాలనీకి మారిపోవడంతో ఒక వార్డులో ఓటర్లు పలచబడ్డారు, ఇంకొకదాంట్లో కిక్కిరిసిపోయారు. ఎన్నికలు దగ్గరపడేలోగా ఓటర్లు ఇంచుమించు సమానంగా ఉండేట్టు హద్దులు మళ్ళీ గీసి ప్రతిపాదన పంపమని మండలం నుంచి చెప్పారు. ప్రతిపాదన సెక్రటరీయే పంపాలి. మ్యాపుకి సర్వేయరు సాయం తీసుకోమన్నారు.

సాయం అన్నారు గాని మొత్తం ఆ పిల్లే చేసింది. వారం రోజులు టాబ్ పట్టుకుని ఊరంతా నడిచింది. ప్రతి ఇంటికీ మ్యాపు మీద ఒక చుక్క. ఆ చుక్కని ముట్టుకుంటే ఇంటి నంబరు, ఓటర్లెందరో కనిపిస్తుంది. ఒక హద్దు కాస్త పక్కకి జరిపితే రెండు వార్డుల సంఖ్యా అప్పటికప్పుడు మారిపోతుంది. మండలం మీటింగులో అది చూపించమన్నారు. మా పై అధికారి చాలాసేపు చూసి, మిగతా పంచాయతీల వాళ్ళతో, మీరూ ఇలా చేయండి, ఈ అమ్మాయిని అడిగి నేర్చుకోండి అన్నారు. నా వైపు తిరిగి, మీరు అదృష్టవంతులండీ అన్నారు. అందరూ నవ్వుతూ నా వైపు చూశారు. నేనూ నవ్వాను.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి నా కుర్చీ వెనక గోడ మీద నా డ్రాయింగ్ షీటు పక్కన ఆమె ప్రింటు తీసిన మ్యాపు అతికించి ఉంది. సర్పంచి గారు అతికించమన్నారట. నా షీటుని ఎవరూ తీయలేదు. కాని దాని అంచులు పసుపెక్కి ఉన్నాయని నేను ఆ రోజే చూశాను.

ఇంక నేను చేసిన పని.

ముసాయిదా నోటీసు బోర్డులో పెట్టే ముందు మ్యాపు కాగితం మీద నేను సంతకం చేయాలి. ఆ పిల్ల సాయంత్రం నాలుగింటికి కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. అన్ని వార్డులూ సమానంగా వచ్చాయని చెప్పింది. ఏడో వార్డుకి పడమటి హద్దుగా డ్రెయిను పెట్టింది. కాగితం మీద అది చక్కగా ఉంది, నిలువుగా నీలం గీత. రూలు ప్రకారం కూడా తప్పు లేదు. కాలవ, రోడ్డు లాంటివి హద్దుగా పెట్టమంటారు. కాని డ్రెయిను హద్దయితే, గట్టు మీది ఇళ్ళన్నీ అవతలి వైపుకి, అంటే కొత్త కాలనీ ఉన్న పదో వార్డుకి పోతాయి. పాతిక లోపు ఇళ్ళు కాలనీ మొత్తంలో కలిస్తే వాళ్ళ మాట ఎప్పటికీ వినపడదు. ఓటు వేయడానికి బురదలో రెండు కిలోమీటర్లు నడవాలి. మెంబరు గారు గెలిచిన వార్డులో ఆవిడ ఇల్లే ఉండదు.

నాకు కాగితం చూడగానే తెలిసింది. చేతిలో పెన్సిలుంది. అలవాటుగా ఆ ఇళ్ళ చుట్టూ సున్నా చుట్టాను కూడా. ఆ పిల్ల అప్పటికి నీళ్ళు తాగడానికి పక్కకి వెళ్ళింది. తిరిగి వచ్చి, నా ఎదురుగా నిలబడి అడిగింది.

"మేడమ్, డ్రెయిన్ అవతల ఇళ్ళ దగ్గర నాకు కొంచెం అనుమానంగా ఉంది. ఇటు వేయాలా అటు వేయాలా తెలియడం లేదు. మీరొకసారి చూస్తారా?"

నా చెయ్యి ఆ పెన్సిలు సున్నా మీద ఉంది. ఆమెకి కనపడలేదు. ఆ క్షణంలో నాకు మండలం మీటింగులో నవ్వులు గుర్తొచ్చాయి. నేర్చుకోండి అన్న మాట గుర్తొచ్చింది. కొర్రమీనులు కూడా గుర్తొచ్చాయి, నిజం చెప్పాలంటే.

"మీ మ్యాపు కదమ్మా," అన్నాను. "సరిగ్గానే ఉంటుంది."

ఆమె ఇంకేదో అడగబోయి, సరే మేడమ్ అని వెళ్ళిపోయింది. నేను రబ్బరు తీసి సున్నా చెరిపేశాను. సంతకం పెట్టాను.

ఆ రోజు బస్సులో ఇంటికి వెళుతూ ఏం అనుకున్నానో నాకు బాగా జ్ఞాపకం. అభ్యంతరాలు వస్తాయి కదా, అప్పుడు సరిచేస్తాం, ఎవరికీ నష్టం లేదు, ఈలోపు ఆ పిల్లకి తెలుస్తుంది ఊరంటే చుక్కలు కాదని. అలా నాకు నేను చెప్పుకున్నాను. ఆకలి వేసింది. దిగగానే బస్టాండు దగ్గర పునుగులు కొనుక్కుని తిన్నాను. ఇంత తేలిగ్గా ఉండగలిగానా అని ఇప్పటికీ ఆశ్చర్యం.

నోటీసు బోర్డులో పెట్టిన మూడో రోజుకి గట్టు మీద గొడవ మొదలైంది. కాలనీలో ఉండే వాళ్ళ చుట్టం ఒకడు బోర్డు చదివి, మీరింక మా వార్డేనర్రా అని చెప్పాడట. మమ్మల్ని కావాలని ఊళ్ళోంచి కోసేశారని వాళ్ళు అభ్యంతరం రాయించుకొచ్చారు. చెరువుల ఆసాములు చేయించారని ఒకరు, వచ్చే ఎన్నికల్లో మెంబరు గారిని దించడానికని ఒకరు, ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. ఆ అమ్మాయి ఆ కాగితాలు తీసుకుని ఒక్కొక్కటీ మొదటి నుంచి చదివింది. ఆ వారం ఆమెకి ఎవరూ ఏమీ తెచ్చి ఇవ్వలేదు. నాకు సంతోషంగా ఉండాలి. ఉంది కూడా, ఒక పూట. తర్వాత అన్నం సహించడం మానేసింది.

అభ్యంతరాలు వినడానికి బడి వరండాలో సభ పెట్టారు. మండలం నుంచి మా పై అధికారి వచ్చారు. చిన్నచిన్నవి అయ్యాక గట్టు వాళ్ళ వంతు వచ్చింది. వాళ్ళు చెప్పింది విని ఆయనకి కోపం వచ్చింది. ఈ గీత ఎవరు గీశారని అడిగారు.

ఆ పిల్ల లేచి, నేనే సార్ అంది.

పది రోజులుగా నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. ఆయన అందరి ముందూ ఆమెని అనడం మొదలుపెట్టారు. ఫ్యాను కింద కూర్చుని టాబులో గీతలు గీస్తే ఇలాగే ఉంటుందన్నారు, నేల మీద కాలు పెట్టకుండా సర్వే ఏంటన్నారు. మీటింగులో మెచ్చుకున్నది ఈయనే. ఆమె టాబ్ గుండెకి ఆనించుకుని నిలబడింది. నన్ను అడిగిన సంగతి ఎత్తలేదు. నా వైపు చూడలేదు. చూస్తుందేమోనని నేను నేలకేసి చూస్తున్నాను.

అప్పుడు మెంబరు గారు లేచింది. గట్టు వాళ్ళ తరఫున గట్టిగా అడగడానికే లేచిందనుకున్నాను.

"ఆ పిల్లని అనకండయ్యా," అంది. "మా గట్టుకి మూడుసార్లు వచ్చింది. మా ఇళ్ళు ఎటు వెయ్యాలని నన్నడిగింది. నాకేం తెలుసు, సెక్రటరీ గారిని అడుగు, మా ఇళ్ళ సంగతి మాకంటే ఆవిడకే బాగా తెలుసు, ఆవిడ చూసిందంటే ఇంక తప్పు పోదు, అని నేనే చెప్పాను."

అని నా వైపు తిరిగింది. ఆ చూపులో అనుమానం లేదు. నేనేదో చెబుతానని, నేను చెబితే విషయం తేలిపోతుందని, నమ్మకంగా చూస్తోంది. ఐదేళ్ళుగా నాకు కావలసింది ఆ ఊళ్ళో నాకు ఉందని ఆ క్షణంలో తెలిసింది. ఎలాంటి చోట తెలిసిందో చూడండి.

నేను లేచాను. ఆ అమ్మాయి నన్ను అడిగిందండీ, నేనే సరిగ్గా చూడలేదు, అన్నాను. చూశాను అనలేకపోయాను. చూసి ఊరుకున్నాను అని అసలే అనలేకపోయాను. అధికారి గారు వెంటనే మెత్తబడ్డారు. పని ఒత్తిడిలో ఒక్కోసారి అలా అవుతుందిలెండి అన్నారు. గట్టు వాళ్ళు కూడా, సెక్రటరీ గారు చూసుకుంటారులే అని సర్దుకున్నారు. ఆ పిల్లని తిట్టిన తిట్లలో పదో వంతు కూడా నాకు పడలేదు. వారంలో సరిచేసి పంపమని చెప్పి ఆయన వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే మేమిద్దరం గట్టు మీదికి వెళ్ళాం. మెంబరు గారు ముందు నడుస్తోంది. ఇంటింటికీ ఆగి, ఏ ఇంటివాళ్ళు ఏ వీధి నుంచి వచ్చారో నేను చెబుతుంటే ఆ అమ్మాయి రాసుకుంటోంది. డ్రెయిను నిండా గుర్రపుడెక్క. చెరువుల్లో గూడకొంగలు దిగి ఉన్నాయి. మెంబరు గారు మాకు మజ్జిగ తేవడానికి ఇంట్లోకి వెళ్ళింది. మేమిద్దరమే మిగిలాం. ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేననిపించింది. ఆ రోజు నువ్వడిగినప్పుడు, అని మొదలుపెట్టాను.

"తెలుసు మేడమ్," అంది. "అభ్యంతరాలొచ్చాక ఫైలు స్కాన్ చేస్తుంటే చూశాను. ఈ ఇళ్ళ చుట్టూ పెన్సిలుతో గీసి చెరిపేశారు. కాగితం మీద నొక్కు ఉండిపోయింది."

అంటే నిన్న వరండాలో నిలబడినప్పుడు ఆమెకి అంతా తెలుసు. మరి అందరిలో ఎందుకు చెప్పలేదని అడిగాను. చూసిన రోజు చాలా కోపం వచ్చిందని, ఇంటికి వెళ్ళి వాళ్ళ నాన్నకి చెప్పి ఏడ్చానని చెప్పింది. ఆయన మగ్గం ముందు కూర్చుని మొత్తం విన్నారట. ఆ తర్వాత అంది.

"అందరిలో చెబితే మీరింక నాకేమీ చెప్పరు కదండీ. ఈ ఊరు మొత్తం మీ దగ్గరే ఉంది. నాకు చుక్కలే తెలుసు."

మంచితనంతో అన్న మాట కాదు అది. లెక్క వేసుకుని అన్న మాట. అందుకే నేను నమ్మాను. అదే క్షణంలో ఇంకో మంట కూడా లేచింది. ఇరవై ఆరేళ్ళకి ఇంత నిబ్బరం ఎక్కడిది ఈ పిల్లకి. నాకు నలభై ఏడు.

ఆ వారం మేమిద్దరం కలిసి పని చేశాం. గట్టు ఇళ్ళు ఏడో వార్డులోకి వస్తే అక్కడ ఓటర్లు ఎక్కువవుతారు. అందుకు ఏడులోంచి ఒక వీధిని ఆరులోకి పంపాలి. ఏ వీధిని పంపాలన్నది ఆమె మ్యాపు చెప్పలేదు. చర్చి వెనక వీధిలో సగం కుటుంబాలు అన్నదమ్ములే, దాన్ని కోయకూడదని నేను చెప్పాను. ఐస్ ఫ్యాక్టరీ పక్క వీధి వాళ్ళ చుట్టరికాలన్నీ ఆరో వార్డుతోనే, వాళ్ళని అడిగితే అడ్డు చెప్పరని చెప్పాను. అడిగాం, చెప్పలేదు. నేను చెప్పిన ప్రతిదానికీ ఆమె హద్దు జరిపి, సంఖ్య చూసి, ఊ అనేది. ఆ ఊ కోసం నేను ఎదురుచూడడం మొదలుపెట్టాను. గట్టు మీద మూడో కరెంటు స్తంభం దగ్గర ఏడు ఆగి పది మొదలయ్యేట్టు గీశాం. సవరించిన ప్రతిపాదన ఆమోదం అయి వచ్చింది. దాని మీద సంతకం నాదొక్కటే ఉంటుంది. సర్వేయరు సంతకానికి ఆ ఫారంలో చోటు లేదు. మండలంలో మా పై అధికారి మళ్ళీ ఆ అమ్మాయినే మెచ్చుకున్నారు. నాకు మళ్ళీ మండింది. ఇంత జరిగాక కూడా మండింది.

నాలుగు నెలలకి ఆమెని ఏలూరు జిల్లా ఆఫీసుకి వేశారు. వెళ్ళే రోజు సచివాలయంలో టీ, బిస్కెట్లు పెట్టాం. జనం వరండా దాటి రోడ్డు మీద దాకా నిలబడ్డారు. నేను మనసులో వాళ్ళని లెక్కపెడుతున్నానని కాసేపటికి గమనించాను. నేను వెళ్ళే రోజున ఇంతమంది వస్తారా అని. ముప్ఫై దాటాక మానేశాను.

సర్పంచి గారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. పని బాగా చేసిందని, ఊరికి మంచి మ్యాపు ఇచ్చి వెళుతోందని చెప్పాను. అక్కడితో కూర్చోవచ్చు. కూర్చోలేదు.

"గట్టు ఇళ్ళ విషయంలో ఆ రోజు సభలో నేను చూడలేదని చెప్పాను," అన్నాను. "అది నిజం కాదండీ. చూశాను. తప్పని తెలిసింది. తెలిసి ఊరుకున్నాను."

ఆ అమ్మాయి టీ గ్లాసు కిటికీలో పెట్టేసి నా వైపు చూసింది, వద్దన్నట్టు. మెంబరు గారు ముందు వరసలో నేల మీద కూర్చుని ఉంది. తల ఎత్తి, నెమ్మదిగా అడిగింది.

"ఎందుకండీ?"

"కుళ్ళండీ," అన్నాను. దానికి ఇంకో మాట నా దగ్గర లేదు.

వెనకెక్కడో గుసగుసలు మొదలయ్యాయి. గట్టు వాళ్ళలో ఒకాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆయన ఆ తర్వాత చాలాకాలం నాతో మాట్లాడలేదు, పనుంటే ఇంకొకరిని పంపేవాడు. అది ఆయన హక్కు. మెంబరు గారు మాత్రం, మా తోటికోడలంటే నాకు ముప్ఫై ఏళ్ళ నుంచి ఉందండీ ఆ జబ్బు, మనిషి చచ్చిపోయినా తగ్గలేదు, అంది. ఒకరిద్దరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నన్ను క్షమించానని కూడా అనలేదు. టీ చల్లారిపోతోంది, అందరూ తాగండి అంది.

ఆటో ఎక్కే ముందు ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఏదైనా పెద్ద మాట అంటుందేమోనని భయపడ్డాను. కొత్త సర్వేయరుకి ఫైళ్ళు ఏ బీరువాలో పెట్టిందో, టాబ్ ఛార్జరు సరిగ్గా పనిచేయదని, వైరు కొంచెం వంచి పెట్టాలని చెప్పింది. అన్నీ చెప్పాక, వస్తానండీ అని ఎక్కి కూర్చుంది. ఊరి చివర మలుపు దాకా ఆటో వెనక జనం చేతులూపుతూనే ఉన్నారు.

కొత్తగా వచ్చిన సర్వేయరు నెమ్మదస్తుడు. ఏమడిగినా మీరెలా అంటే అలాగే మేడమ్ అంటాడు. అతని మీద నాకు ఎప్పుడూ ఏ మంటా లేదు. మ్యాపు మీద ఏదైనా చూపిస్తే సరేనంటాడు గాని, హద్దు జరిపి, సంఖ్య చూసి, ఊ అనడం అతనికి తెలియదు. మొన్న ఏదో మీటింగుకి ఏలూరు జిల్లా ఆఫీసుకి వెళితే, ఆమె తన బల్ల దగ్గర ఇంకో సెక్రటరీ ఎవరితోనో మ్యాపు మీదికి వంగి మాట్లాడుతోంది. ఆవిడ ఏదో చెబుతుంటే ఈమె రాసుకుంటోంది. నేను గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాను. ఈసారి నా కుళ్ళు ఆ పిల్ల మీద కాదు, ఎదురు కుర్చీలో ఉన్నావిడ మీద. పలకరించకుండా వెళ్ళిపోదామనుకున్నాను గాని వెళ్ళలేదు. లోపలికి నడిచి, పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే లాక్కుని కూర్చున్నాను.